కుంటలో బందెల దొడ్డి

మా ఇంట్లో పెళ్లయినా, పురుడైనా, ఆఖరికి ఎవరి దినమైనా, భోజనాల దగ్గర నా గురించి ఒక కథ చెప్తారు. నాకు పన్నెండేళ్లప్పుడు జోరు వానలో ఒక్కదాన్నే ఈదుకుంటూ పోయి, బందెల దొడ్డి గేటు తీసి, మా అవ్వ బర్రెను హర్రాజు నుంచి కాపాడానట. చెప్పేవాళ్లను బట్టి నీళ్ల లోతు మారుతుంది. మా చిన్నాయన చెప్తే నడుము దాకా, మేనత్త చెప్తే మెడ దాకా. నిరుడు ఒక పెళ్లిలో ఎవరో పెద్దాయన చెప్తుండగా విన్నాను, తాటిచెట్టు లోతట. ఆ లోతు నీళ్లే వచ్చి ఉంటే మా ఊరు ఊరంతా కొట్టుకుపోయి కృష్ణలో తేలేది, ఈ కథ చెప్పడానికి ఆయనా మిగిలేవాడు కాదు. నాకు ఈత రాదు. అప్పుడు రాదు, ఇప్పుడూ రాదు. తల మీద చెంబెడు నీళ్లు పోసుకోవాలన్నా ముందుగా కళ్లు గట్టిగా మూసుకుని, ముక్కు పట్టుకునే రకం నేను. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా "ఊకె తగ్గిచ్చుకొని మాట్లాడ్తది మా జయ" అని నవ్వుతారు. నన్ను ఎరిగిన వాళ్లెవరైనా చెప్పండి, నేను తగ్గించుకుని మాట్లాడే మనిషినా?

బందెల దొడ్డి అంటే ఈ కాలం పిల్లలకు తెలియదు కాబట్టి చెప్తాను. పరాయి చేలో పడి మేసిన పశువును పట్టుకొచ్చి పెట్టే జైలు అది. యజమాని వచ్చి జుర్మానా కట్టి విడిపించుకోవాలి. ఎవరూ రాకపోతే శుక్రవారం సంతరోజు హర్రాజు, అంటే వేలంపాట. ప్రతి పెద్ద ఊళ్లో ఒకటి ఉండేది. మా ఊరిది మాత్రం లోకంలో ఇంకెక్కడా ఉండని రకం, ఎందుకంటే దాన్ని కుంటలో కట్టారు. కుంట పక్కన కాదు, కుంట లోపల. వెనకటి పటేలు ఒకాయన, కుంట నిండి ఏళ్లయింది, ఇక నిండదు, సర్కారు జాగా ఊరికే పడి ఉందని తీర్మానించి, కుంట కట్ట రాళ్లే పీకించి, అడుగున నాలుగు గోడలు పెట్టించాడట. ధరూరు చుట్టుపక్కల మా మెట్ట ఊళ్లలో వానను నమ్మడం మానేసిన మనుషులు మాత్రమే చేయగలిగిన పని. ఎవరికీ తప్పనిపించలేదు. మా అవ్వకు తప్ప.

నెల కింద ఒక ఆదివారం పొద్దున, వనపర్తిలో మా ఇంట్లో చాయ్ తాగుతూ కూర్చున్నాను. ఊరి నుంచి తమ్ముడు రవి బిడ్డ ఫోన్ చేసింది. రవి నాకు సొంత తమ్ముడు కాదు, మా చిన్నతాత మనవడు. వాడి బిడ్డ హర్షిత ఆరో తరగతి, ఇంగ్లీషు మీడియం. "జయత్తా, పాండ్ గురించి పది వాక్యాలు రాయాలట. గూగుల్ల చూస్తే మా మేడం పట్టుకుంటది. నువ్వు ఇంగ్లీష్ లెక్చరరువు గద, చెప్పవా?" అంది. ముప్పై ఏళ్లుగా ఇంటర్ పిల్లలకు ఇంగ్లీషు చెప్పి చెప్పి గొంతు అరిగినదాన్ని, ఆరో తరగతి మాటకు డిక్షనరీ తెరవాల్సిన పని లేదు. కానీ నాకు ఒక పాడు అలవాటు ఉంది. ఏ మాటనైనా దాని పుట్టింటి దాకా తరిమి వస్తేగానీ వదలను. అరలోంచి ఇటుక మందం డిక్షనరీ దింపి, అద్దాలు పెట్టుకుని చూశాను.

పాండ్: లేక్ కన్నా చిన్నది, నిలిచిన నీళ్లు, చాలావరకు మనుషులు కట్టవేసి ఆపినవి. ఇంతవరకు బాగానే ఉంది. ఇంగ్లీషువాళ్లు అట్లాంటిక్ మహాసముద్రాన్ని కూడా వేళాకోళంగా పాండ్ అంటారట. నాకు నవ్వొచ్చింది. మా వనపర్తి దిక్కు పెద్దవాళ్లు చెరువు తవ్వి దానికి సముద్రం అని పేరు పెట్టుకున్నారు. వాళ్లేమో సముద్రాన్ని పట్టుకుని కుంట అన్నారు. ఎవరికి ఏది కరువో అది ఎక్కువ చేసి చెప్పుకుంటారు కాబోలు అనుకుంటూ కింది వాక్యం చదివాను. ఆ మాట ఎక్కడిది అంటే, పౌండ్ నుంచి వచ్చిందట. డబ్బు పౌండ్ కాదు, బరువు పౌండ్ కాదు. మూడో పౌండ్ ఒకటి ఉంది. దారితప్పిన పశువులను పట్టి కట్టేసే ఆవరణ.

బందెల దొడ్డి!

చాయ్ గ్లాసు చేతిలోంచి జారి డిక్షనరీ మీద ఒలికింది. నేను నవ్వడం మొదలుపెట్టాను. ఎంత నవ్వానంటే పక్కింటావిడ గోడ మీదుగా తొంగి చూసి "ఏమైందమ్మా, బాగనే ఉన్నవా?" అంది. హర్షిత ఫోన్లో "అత్తా, అత్తా" అని అరుస్తోంది. ఇంగ్లీషువాళ్లు కొన్ని వందల ఏళ్ల కిందట పశువులను బంధించే చోటికీ, నీళ్లను బంధించే చోటికీ ఒక్కటే మాట వాడుకున్నారన్న సంగతి తెలిసి కాదు నేను నవ్వింది. మా అవ్వ ఆ మాటే అనేది. అక్షరం ముక్క రాని మా అవ్వ, కుంట గట్టు మీద నిలబడి, పమిట నడుముకు చుట్టి, "కట్ట ఏసుడంటే ఏందిరా? నీళ్లను బందె పెట్టుడే. నీళ్లను బందె పెట్టే జాగల పశులను బందె పెట్టిండ్రు, సిగ్గు లేకుంట!" అనేది. నలభై ఏళ్ల తర్వాత ఇంగ్లీషు డిక్షనరీ వచ్చి ఆమె పక్కన నిలబడింది. ఈ మాట ఫోన్లో చెప్పేది కాదు. స్నానం కూడా చేయకుండా చీర మార్చుకుని, డిక్షనరీ సంచిలో వేసుకుని, ఆత్మకూరు మీదుగా గద్వాల పోయే బస్సెక్కాను.

బస్సు అమరచింత దాటి, జూరాల కట్ట మీదికి ఎక్కేసరికి రెండు దిక్కులా నీళ్లే. చిన్నప్పుడు ఈ దారిన నీళ్లు చూడాలంటే కృష్ణ ఒడ్డుకు పోవాల్సిందే. మా ఇంటికొచ్చే నీళ్లన్నీ అవ్వ నెత్తి మీద వచ్చేవి. పొద్దున లేవగానే మూడు కడవలు, ముందు తాగేవి, తర్వాత వంటవి, చివరికి బర్రెవి. బియ్యం కడిగిన నీళ్లు కుడితి గోలెంలోకి, గిన్నెలు కడిగిన నీళ్లు మిరపచెట్టుకు, కాళ్లు కడుక్కున్న నీళ్లు కూడా ఎక్కడ పడాలో ఆమెకు లెక్క ఉండేది. మేం ముఖం కడుక్కుంటుంటే వెనక నిలబడి "చాలు, చాలు, ముఖం అరుగుతది" అనేది. ఆ ఇంటి వాసన నాకు ఇప్పటికీ ముక్కులో ఉంది. పిడకల పొగ, పులిసిన కుడితి, రొట్టె మాడిన పెనం, వీటన్నిటి మీదా తడి లేని మట్టి వాసన. తడిమట్టి వాసన గురించి కవిత్వాలు రాసేవాళ్లు రాసుకోనీ, మాది పొడిమట్టి వాసన. దాన్ని ఎవరూ ఎందుకు పొగడరో నాకు తెలియదు.

ఆ ఇంట్లో అందరికన్నా మర్యాద దొరికేది సుక్కికి. సుక్కి మా బర్రె. నొసట తెల్ల చుక్క. అవ్వ దానితో మాట్లాడినంత నెమ్మదిగా మాతో ఎప్పుడూ మాట్లాడలేదు. పాలు పిండేటప్పుడు ఊళ్లో సంగతులన్నీ దానికి చెప్పేది. ఎవరి కోడలు అలిగిపోయింది, ఎవరి బోరు ఎండిపోయింది, అన్నీ. సుక్కి తల ఊపుతూ నెమరేసేది. ఆ పాలతోనే మా ఇంటి ఉప్పూ పప్పూ, నా పలకా పుస్తకమూ గడిచేవి.

మా ఇంటికీ చిన్నతాత ఇంటికీ మధ్య నడుమెత్తు గోడ. చిన్నతాత అంటే మా తాత తమ్ముడు, అవ్వకు మరిది. తాత పోయినప్పుడు పొలం పంపకాల్లో ఏదో మాట వచ్చి, అప్పటి నుంచి అవ్వకూ ఆయనకూ మాటల్లేవు. మాటల్లేవు అంటే మాట్లాడుకోరని కాదు. రోజంతా మాట్లాడుకునేవాళ్లు, కాకపోతే నా ద్వారా. నేను గోడ మీద కూర్చుని రొట్టె తింటుంటే ఇటు నుంచి అవ్వ "జయా, మీ చిన్నతాతకు చెప్పు, ఆయన కోళ్లు మా వడ్లల్ల పడ్డయి అని" అనేది. అటు నుంచి ఆయన "జయమ్మా, మీ అవ్వకు చెప్పు, కోళ్లకు సదువు రాదు, గోడ కనవడదు అని" అనేవాడు. ఇద్దరికీ అన్నీ వినబడేవి. నేను మళ్లీ చెప్పే పనే లేదు. అయినా చెప్పకపోతే ఇద్దరికీ కోపం వచ్చేది. నా నోరు ఇంత పదును తేలడానికి ఆ గోడే సాన.

అప్పుడు నేను ఏడో తరగతి. మా ఊళ్లో అంతే, ఆపైన గద్వాల పోవాలి, హాస్టల్లో ఉండాలి. నాయన పంపుతానని అనలేదు, పంపనని అనలేదు. "ఇంటి పని ఇడువకుంట సదివితె సూద్దాం. సదువు పేరు సెప్పి పని సెడగొడితె ఈ యేడుతోనె బంద్" అని వాకిట్లో, గోడ అవతలికి కూడా వినబడేలా, ఒక్కసారి చెప్పాడు. మా నాయన ఒక్కసారే చెప్పే మనిషి.

ఆదివారం సుక్కిని మేపడం నా పని. ఆ ఆదివారం చేతిలో ఇంగ్లీషు పుస్తకం ఉంది. సోమవారం మా సారు అర్థాలు అప్పజెప్పించుకుంటాడు. లేక్ అంటే సరస్సు, పాండ్ అంటే కొలను. నాకు లేక్ తెలియదు, సరస్సు తెలియదు, పాండ్ తెలియదు, కొలను తెలియదు. తెలియని మాటకు తెలియని మాట అర్థం చెప్పి సారు చేతులు దులుపుకున్నాడు. తరగతిలో లేచి అడిగాను కూడా. "సారూ, కొలను అంటే ఏంది? మనూర్ల యాడుంది?" అన్నాను. సారు బొమ్మ చూపించాడు. నీళ్లలో బాతులు. "గది పుస్తకంల ఉంటది. నువ్వు సూడనవసరం లేదు, రాస్తె సాలు" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. ఆ మంటతోనే చింతచెట్టు కింద కూర్చుని పాండ్ కొలను, పాండ్ కొలను అని ఊగుతూ వల్లె వేస్తున్నాను. తలెత్తి చూస్తే సుక్కి లేదు. చిన్నతాత పల్లి చేలో ఉంది. నిమ్మళంగా, ఒక్కొక్క చెట్టూ రుచి చూసుకుంటూ రెండు సాళ్లు ఖాళీ చేసింది. తోలుకుని వచ్చేశాను. ఎవరూ చూడలేదనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

సోమవారం పొద్దున చిన్నతాత గోడ దగ్గరికి వచ్చాడు. "జయమ్మా, మీ అవ్వకు చెప్పు, సుక్కి నా పల్లి మేసింది అని."

"జయా, మీ చిన్నతాతకు చెప్పు, మా సుక్కి పల్లి ఆకు ముట్టదు అని. వాసన పడదు దానికి."

"వాసన పడనిది రెండు సాళ్లెట్ల తిన్నదో అడుగు."

"తిన్నది సూసిండా అడుగు. సూడకుంట మా సుక్కి మీద నింద ఏస్తె కండ్లు పోతయని చెప్పు."

ఆయన చూశానని అనలేదు, చూడలేదనీ అనలేదు. ఒక్కసారి నా దిక్కు చూశాడు. నేను రొట్టె దిక్కు చూశాను. మధ్యాహ్నానికి కావలికారు నాగప్ప వచ్చి సుక్కి పలుపు విప్పుకుని పోయాడు. నాగప్పది రాయచూరు దిక్కు ఊరు, సగం కన్నడం. "ఏన్ మాడ్లి అవ్వా, ఏం జేయాలె, ఫిర్యాదు ఇచ్చిండ్రు. జుర్మానా కడ్తె ఇప్పుడె ఇడుస్త" అని పాపం బతిమాలాడు.

"నేను కట్ట" అంది అవ్వ. "కడితె తిన్నదని ఒప్పుకున్నట్టు. తినని బర్రెకు కట్టుడేంది?"

నాయన ఆ సాయంత్రం మెల్లగా "అమ్మా, నేను పోయి కట్టేసొస్త, ఊకె లొల్లెందుకు" అన్నాడు. అవ్వ చేస్తున్న రొట్టె చేతిలోనే పెట్టుకుని లేచి నిలబడింది. "నువ్వు కట్టి తెస్తె ఆ పాలు నేను ముట్ట. నీ ఇంట్ల నీళ్లు ముట్ట. నీ తమ్మునింటికి పోత." చిన్నాయన పెండ్లాంతో అవ్వకు క్షణం పడదు, అయినా ఆ బెదిరింపు ప్రతిసారీ పనిచేసేది.

ఇక నా గతి ఆలోచించండి. శుక్రవారానికి సుక్కి హర్రాజు. అది కూడా పాలిచ్చే చూలు బర్రె, ఎవరైనా ఎగరేసుకుపోతారు. నేను నోరు విప్పి "తిన్నది, నేనే సూడలె, పుస్తకం సదువుకుంట కూసున్న" అంటే జుర్మానా కట్టి తెచ్చుకుంటారు. కానీ అవ్వ ఊరందరి ముందూ ఓడిపోతుంది, నా చదువు అంతటితో బంద్. నోరు విప్పకపోతే సుక్కి పోతుంది. పుట్టిన దగ్గర నుంచి ఎవరి మాటనూ కింద పడనివ్వని నేను ఆ నాలుగు రోజులు మూగదాన్నయ్యాను. అవ్వ నా నుదురు పట్టి చూసి, జ్వరమేమోనని శొంఠి కషాయం తాగించింది. అది తాగి తాగి నాకు నిజంగానే కడుపు మండింది.

రోజూ సాయంత్రం తట్టలో గడ్డి, చిన్న బకెట్లో కుడితి పట్టుకుని దొడ్డికి పోయేదాన్ని. ఛాతీ ఎత్తు రాతి గోడలు. గేటు అంటే రెండు బండ స్తంభాలు, వాటి గాడుల్లో అడ్డంగా మూడు కొయ్యలు. తాళం ఎప్పుడో ఎవరో ఎత్తుకుపోతే, నాగప్ప స్తంభం చుట్టూ ఇనుప గొలుసు మూడు చుట్లు తిప్పి కొక్కెం పెట్టేవాడు. ఎద్దు కాలికి కొట్టే నాడాను వంచి ఆ కొక్కెం తానే చేశానని గొప్పగా చెప్పుకునేవాడు. లోపల సుక్కి కాక ఇంకో మూడు బర్రెలు, ఒక కుంటి ఎద్దు, రెండు గాడిదలు. గాడిదలు ఎవరివో ఎవరికీ తెలియదు, ఏడాది నుంచి అక్కడే ఉన్నాయి, హర్రాజులో ఎవరూ పాడరు. సుక్కి నన్ను చూడగానే గోడ మీద గడ్డం పెట్టేది. నేను దాని చెవిలో "తిన్నవు గదనే, దొంగముండా" అనేదాన్ని. అది నా చేయి నాకేది. ఆ నాలుక గరుకు తగిలితే ఏడుపొచ్చేది.

బుధవారం మధ్యాహ్నం వాన మొదలైంది. మొదట ఎవరూ నమ్మలేదు. మా ఊళ్లో వాన వస్తే ఆకాశం దిక్కు చూసి "పోతది లే" అనడం మర్యాద. గురువారమంతా పోయలేదు, కుమ్మరించింది. పై ఊళ్ల వాగులన్నీ ఎన్నాళ్ల తర్వాతో దారి గుర్తు తెచ్చుకుని మా కుంటకే వచ్చాయి. అవ్వ కిటికీ దగ్గర కూర్చుని "దొడ్డిల పశులున్నయి, నీళ్ల జాగ అది, నీళ్ల జాగ" అని గొణుగుతూనే ఉంది. నాయన, నాగప్ప తాళ్లు పట్టుకుని పోయి, వాగు దాటలేక వెనక్కి వచ్చారు. గోడ అవతల చిన్నతాత దగ్గు వినబడింది. మామూలుగా ఇద్దరిలో ఎవరో ఒకరు "జయా" అని పిలిచే వేళ. ఆ రోజు ఎవరూ పిలవలేదు.

శుక్రవారం తెల్లారేసరికి వాన ఆగింది. ఊరంతా కుంట దగ్గరుంది. నేను పరిగెత్తుకుంటూ పోయి, జనం కాళ్ల మధ్య నుంచి దూరి చూశాను. ఆ దృశ్యం చూసినప్పటి సంతోషం, చదువులో ఫస్టు వచ్చినప్పుడు లేదు, ఉద్యోగం వచ్చినప్పుడు లేదు, మా ఆయన వింటే విననీ, పెళ్లప్పుడు కూడా లేదు. కుంట నిండింది. మా ఊరి కుంట! ఎర్రటి నీళ్లు, అంచు నుంచి అంచు దాకా, మధ్యలో బందెల దొడ్డి గోడ తలలు మాత్రం నల్లగా ఒక చతురస్రం గీసినట్టు కనబడుతున్నాయి. గేటు తెరుచుకుని ఉంది. దొడ్డిలో ఒక్క పశువూ లేదు. గాడిదలు రెండూ, కుంటి ఎద్దూ గట్టు మీద నిలబడి ఒళ్లు విదుల్చుకుంటున్నాయి. నాలుగు బర్రెలూ నీళ్ల నడుమ ముక్కులూ కొమ్ములూ మాత్రమే బయటపెట్టి, కళ్లు సగం మూసి, పుట్టిన దగ్గర నుంచి ఈ రోజు కోసమే బతికినట్టు తేలుతున్నాయి.

సరిగ్గా అప్పుడే హర్రాజు పాడించే గుమాస్తా గొడుగు పట్టుకుని, బురదలో చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చాడు. పాపం, ధరూరు నుంచి నడిచి వచ్చాడు. "సరే, పాట మొదలు పెడ్తున్న. మొదటి బర్రె" అని వేలు చూపించాడు.

"యేది సారూ?" అన్నారెవరో. "కొమ్ములు పాడాల్నా, ముక్కు పాడాల్నా?"

"నేను ఎడమ కొమ్ము పాడ్త. కుడిది మా మామకియ్యి."

"నీళ్లతోటి ఇస్తరా, నీళ్లు లేకుంటనా?"

నవ్వు. ఊరంతా నవ్వు. ఎన్నేళ్లుగా గట్టెక్కి ఏడ్చిన వాళ్లు, చేలు ఎండబెట్టుకున్న వాళ్లు, ముసలీ ముతకా, కడుపులు పట్టుకుని బురదలో కూలబడి నవ్వారు. పిల్లలం ఎగిరి నీళ్లలోకి దూకాం. నేను దూకలేదు, అంచున కాళ్లు ముంచాను. ఇది గుర్తుంచుకోండి, అంచున. గుమాస్తా కూడా చివరికి గొడుగు మూసి నవ్వాడు. "బందెల దొడ్డే లేనప్పుడు బందె యాడిది" అని రాసుకున్నాడో, ఏం రాసుకున్నాడో.

అవ్వ ఎవరినీ చూడలేదు. చీర తడుస్తుందని కూడా చూడకుండా మోకాలి లోతుకు దిగి, "సుక్కీ, రావే తల్లీ, కుడితి చల్లగైతది" అంది. ఊళ్లో వాళ్లెన్ని కేకలేసినా కదలని సుక్కి, ఒక్క గుటక నీళ్లు తాగి, మెల్లగా, పెళ్లికూతురిలా నడిచి వచ్చింది. జుర్మానా లేదు. హర్రాజు లేదు. ఒప్పుకోలు అసలే లేదు. మా సారు కూడా గట్టు మీద ఉన్నాడు. ఆయన ముందుకు పోయి "సారూ, కొలను!" అని అరిచాను. నాలుగు రోజుల తర్వాత మనుషుల ముందు నా నోటి నుంచి వచ్చిన మొదటి మాట అది. సారు నీళ్ల దిక్కు చూసి, "బాతులు లెవ్వు గని, అంతె, అంతె" అన్నాడు.

అప్పుడు నాగప్ప తల గోక్కుంటూ "గొలుసు నేనె ఏసిన, మూడు సుట్లు. ఎవరు తీసిండ్రు?" అన్నాడు. చిన్నతాత గుంపులోంచి ముందుకు వచ్చాడు. ధోవతి నడుము దాకా తడిసి, కాళ్లకు బురద. ఆ రోజు ఊళ్లో ఎవరి కాళ్లకు బురద లేదు కనుక? అందరికీ వినబడేలా, నా వైపు చేయి చాపి అన్నాడు, "మా జయమ్మ తీసింది. నా కండ్లార సూసిన. ఈదుకుంట పోయి తీసింది."

నేను నోరు తెరిచేలోపే అందరి కళ్లూ నా మీద. నాయన నన్ను చూసిన చూపు ఇప్పటికీ నా వెంట ఉంది. ఎవరి బిడ్డనో చూసినట్టు చూశాడు. తర్వాత నా తల మీద చేయి పెట్టి, పక్కన ఉన్న సారుతో, "గింత గుండె ఉన్నదానికి ఈ ఊరు సాలదు సారూ. గద్వాల కాయితాలు మీరె రాసియ్యుండ్రి" అన్నాడు. నేను కాదనలేదు. జీవితంలో నేను వాదించని వాదన అదొక్కటే. దాని మీదే హాస్టలు, కాలేజీ, ఉద్యోగం, ఈ డిక్షనరీ, అన్నీ నిలబడ్డాయి. తర్వాత సిగ్గుతో ఏళ్ల తరబడి, కొయ్యలు నీళ్లకు వాటంతటవే తేలి ఊడిపోయాయని వాదిస్తూ వచ్చాను. కొయ్య తేలుతుంది కదా. గొలుసు సంగతి ఎవరైనా అడిగితే మాట మార్చేదాన్ని.

నెల కిందటి ఆదివారానికి మళ్లీ వస్తాను. ఊళ్లో ఆటో దిగేసరికి రవి వాళ్లు చిన్నతాత పాత ఇల్లు కూలగొట్టడానికి సామాను బయట పెడుతున్నారు. ఆయన పోయి చాలా ఏళ్లయింది, అవ్వ అంతకు ముందే పోయింది. మధ్య గోడ ఎప్పుడో పడిపోయింది, ఎవరూ మళ్లీ కట్టలేదు. కుంట ఇప్పుడు కాలువ నీళ్లతో ఏడాది పొడుగునా నిండే ఉంటుంది. గట్టు మీద సిమెంటు బల్లలు వేశారు. వాటి మీద కూర్చున్న ఇద్దరు పిల్లలు ఫోన్లు చూసుకుంటున్నారు, నీళ్లకు వీపు పెట్టి. బర్రె ఒక్కటీ లేదు, ఇంటింటికీ పాకెట్ పాలే. మాకు చుక్క లేనప్పుడు ఊరంతా గట్టెక్కి చూసేది, ఇప్పుడు అంత నీరుంటే చూసేవాడు లేడు. తిట్టడానికి మంచి సందర్భమే కానీ, నాకు అప్పుడు తిట్టే తీరిక లేదు. వాకిట్లోనే డిక్షనరీ తెరిచి, హర్షితను కూర్చోబెట్టి, చాయ్ మరక పక్కన వాక్యం మీద వేలు పెట్టి చదివాను. "మీ ముత్తవ్వ చెప్పిందే ఇంగ్లీషోళ్లు చెప్పిండ్రు, సూడు!" అన్నాను. అది కళ్లు ఇంతింత చేసుకుంది. "అయితే అత్తా, పది వాక్యాలల్ల సుక్కి గురించి రాయొచ్చా?" అంది. "పదీ సుక్కి మీదనే రాయి" అన్నాను.

రవి ఇంటి లోపల నుంచి నవ్వుతూ "నువ్వు ఈదింది కూడ రాపియ్యక్కా" అంటూ చిన్నతాత కర్ర సందుక ఈడ్చుకుంటూ వచ్చాడు. "ఇది ఖాళీ చేస్తున్న. తాత ధోవతుల కింద గుడ్డల చుట్టి ఏందో పెట్టుకున్నడు. బంగారమనుకొని జల్ది జల్ది ఇప్పిన. సూస్తె ఎద్దుల గొలుసు. జంగు పట్టిపోయింది, పాత సామానోనికి ఏస్త."

నేను చేతిలోకి తీసుకున్నాను. మూడు చుట్లకు సరిపోయే పొడుగు. కొసన కొక్కెం. ఎద్దు నాడాను వంచి చేసిన కొక్కెం.

వాకిట్లో అలాగే కూర్చుండిపోయాను. తర్వాత నవ్వు మొదలైంది, ఈసారి ఆపలేకపోయాను, కళ్ల వెంట నీళ్లు. రవి పరేషాన్ అయ్యాడు. "ఏందక్కా, ఏమైంది?" నేను గొలుసు చూపించాను. అరవై దాటిన ముసలాయన, తానే ఫిర్యాదు చేసి బందె పెట్టించిన వదినె బర్రె కోసం, నాయనా నాగప్పా దాటలేని వాగు దాటి, ఆ నీళ్లలో నడుము లోతు దిగి, మూడు చుట్లు విప్పి, గొలుసు తెచ్చి ధోవతుల కింద దాచుకున్నాడు. బతికినన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. అవ్వకు చెప్పాలంటే నా ద్వారానే చెప్పాలి కదా, నాకూ చెప్పలేదు.

గొలుసు ఇప్పుడు వనపర్తిలో నా బల్ల మీద, డిక్షనరీ పక్కన ఉంది. వచ్చే పెళ్లిలో వాళ్లు మళ్లీ ఆ కథ ఎత్తుకుంటారు, ఈసారి నేను సంచిలోంచి దీన్ని తీసి విస్తరి పక్కన పెడతాను. నమ్మితే నమ్ముతారు. కానీ ఆ సోమవారం పొద్దున గోడ దగ్గర నువ్వు నా దిక్కు చూసిన చూపు మాత్రం నన్ను వదలడం లేదు చిన్నతాతా. చింతచెట్టు కింద పుస్తకం పట్టుకుని ఊగుతున్న నన్ను నువ్వు ఆదివారమే చూశావు, కదా? చూసి కూడా అవ్వ ముందు నా పేరు ఎత్తలేదు. మరి శుక్రవారం గట్టు మీద, ఊరందరి ముందర, నా పేరెందుకు చెప్పినవ్?